ముందు లాగ్, తర్వాతే మ్యాప్

ఇండియాలో అమ్మిన స్కోడా ఆక్టేవియా 1.8 టీఎస్‌ఐ బ్రోచర్ తీస్తే పవర్ 180 పీఎస్, టార్క్ 250 న్యూటన్ మీటర్లు అని ఉంటుంది. యూరప్‌లో ఫోర్ వీల్ డ్రైవ్ ఆక్టేవియాకు పెట్టిన 1.8 టీఎస్‌ఐకి పవర్ అంతే, టార్క్ మాత్రం 280. ఆ 30 ఎక్కడ ఆగిపోయింది? గేర్‌బాక్స్ దగ్గర. మనకు వచ్చిన కారులో ఉన్నది డీక్యూ200 అనే ఏడు గేర్ల డీఎస్‌జీ. దాని క్లచ్చులు ఆయిల్లో మునగవు, పొడిగానే పనిచేస్తాయి. అది మోయగల టార్క్‌కు 250 దగ్గర గీత గీశారు. యూరప్ కారుకు ఆయిల్లో మునిగి ఉండే క్లచ్చులతో ఆరు గేర్ల డీఎస్‌జీ ఇచ్చారు కాబట్టి ఇంజన్‌ను ఇంకాస్త వదిలారు.

టార్క్‌ను ఇలా అదుపులో పెట్టేది ఈసీయూ అనే ఇంజన్ కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్. అందుకే రీమ్యాప్ అమ్మేవాళ్లు కొందరు "కంపెనీ దాచిపెట్టిన పవర్ బయటికి తీస్తాం" అంటారు. ఆ మాట నమ్మకండి. ఈసీయూలో వేల గడులున్న టేబుల్స్ ఉంటాయి. వాటిలో కొన్ని అంకెలు క్లచ్ కోసం, కొన్ని పిస్టన్ల కోసం, కొన్ని క్యాటలిటిక్ కన్వర్టర్ కాలిపోకుండా, కొన్ని మండువేసవిలో నాసిరకం పెట్రోల్ పోసినా ఇంజన్ బతికి బయటపడాలని. ఆ కారణాల్లో మీ కారుకు ఇప్పుడు ఏది వర్తించదో తేల్చుకుని, అక్కడ మాత్రమే అంకె మార్చడం మంచి రీమ్యాప్. పెద్ద ఇంటర్‌కూలర్ వేస్తే వేడికి సంబంధించిన జాగ్రత్త కొంత సడలించొచ్చు. గేర్‌బాక్స్ అదే ఉన్నప్పుడు దాని గీతను ఎవరో ఫోన్‌లో చెప్పారని చెరిపేయకూడదు.

ఈ అధ్యాయంలో ఆ అంకెల ఫైల్ రాయడం కన్నా, ఇంజన్ నడుస్తుండగా సెన్సర్ల రీడింగులు నమోదు చేసే లాగ్ చదవడం గురించే ఎక్కువ చెబుతాను. ఫైల్ రాసే పని అందులో చెయ్యి తిరిగినవాళ్లకు వదిలేయొచ్చు. లాగ్ చదవడం మాత్రం ఓనర్‌కు రావాలి. ఇంజన్ పోతే రికవరీ వ్యాన్‌కి ఫోన్ చేసి రోడ్డు పక్కన నిలబడేది అతనే.

ట్యూనర్‌ను ఎంచుకునేటప్పుడు ఒక చిన్న పరీక్ష పెట్టండి. "అన్నా, స్టేజ్ వన్ చేయిస్తే ఎంత పెరుగుతది?" అని అడగండి. "నలభై పక్కా" అని వెంటనే జవాబు వస్తే థాంక్స్ చెప్పి వచ్చేయండి. "ఆగు తమ్ముడూ, ఏ పెట్రోల్ కొట్టిస్తున్నవ్? ప్లగ్గులు మార్చి ఎన్ని కిలోమీటర్లయింది? క్లచ్ ఎప్పుడన్నా జారిందా? డౌన్‌పైప్ ఏమన్నా మార్చినవా?" అని తిరిగి అడిగేవాడి దగ్గర కూర్చోండి. అతనికి మీ కారు గురించి తెలియదన్న సంగతి అతనికి తెలుసు. ఈ పనిలో అన్నిటికన్నా విలువైన గుణం అదే. రెండో ప్రశ్నగా, "కంపెనీ ఒరిజినల్ ఫైల్ చదివి నాకు కాపీ ఇస్తావా?" అనండి. ఇవ్వననేవాడికి బండి అప్పగించొద్దు.

కారు బాగా లేనప్పుడు రీమ్యాప్ జబ్బును పెంచుతుంది. అందుకని ముందు కంప్రెషన్ టెస్ట్ చేయించండి. టర్బో నుంచి థ్రాటిల్ దాకా పైపుల్లోకి పొగ వదిలి లీకులు చూడమనండి. క్లిప్పు దగ్గర సన్నటి పగులు ఉన్నా టర్బో ఆ నష్టాన్ని పూడ్చడానికి ఎక్కువ వేగంతో తిరుగుతుంది. స్టాక్ ఫైల్ మీద ఎవరూ గమనించని లీకు రీమ్యాప్ తర్వాత టర్బో ప్రాణం తీస్తుంది. ప్లగ్గులు కొత్తవి, అవసరమైతే ఒక హీట్ రేంజ్ చల్లనివి వేయించండి. బూస్ట్ పెరిగితే స్పార్క్ ఆరిపోయే ప్రమాదం ఉంటుంది కాబట్టి ప్లగ్ గ్యాప్ కాస్త తగ్గించడం మామూలే. నేరుగా సిలిండర్లోకి పెట్రోల్ చిమ్మే ఇంజన్లలో ఇన్‌టేక్ వాల్వుల వెనక మసి పేరుకుంటుంది. అదీ చూపించండి. ఇదంతా విసుగు పుట్టించే పనే. అయినా సగం కార్లలో ఓనర్ కోరుకునే చురుకుదనం ఈ దశలోనే తిరిగి వస్తుంది.

ఇప్పుడు గాలి సంగతి. మన దగ్గర ట్యూనింగ్ అసలు పరీక్ష ఇక్కడే. టర్బో గాలిని నొక్కుతుంది, నొక్కితే గాలి వేడెక్కుతుంది. మే నెలలో బయట 40 డిగ్రీలు అనుకోండి. టర్బో 70 శాతం సామర్థ్యంతో ఆ గాలిని రెట్టింపు పీడనానికి తెస్తే, బయటికి వచ్చేసరికి దాని వేడి దాదాపు 138 డిగ్రీలు. ఇంటర్‌కూలర్ దాన్ని ఎంత కిందికి తెస్తుందన్న దాని మీదే మీ పవర్ అంతా ఆధారపడి ఉంటుంది. 30 డిగ్రీల గాలికీ 60 డిగ్రీల గాలికీ మధ్య, పీడనం అంతే ఉన్నా, సిలిండర్‌లోకి వెళ్లే గాలి బరువు 9 శాతం తగ్గుతుంది. పైగా వేడి గాలి నాక్‌ను పిలుస్తుంది. అమీర్‌పేట ట్రాఫిక్‌లో అరగంట ఇరుక్కుని ఇంటర్‌కూలర్ కాగిపోయిన కారు వేరు, తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద పోయే కారు వేరు. ఫైల్ ఆ రెంటికీ సరిపోవాలి.

ఎత్తు కూడా లెక్కలోకి వస్తుంది. వైజాగ్ బీచ్ రోడ్డులో వాతావరణ పీడనం 101 కిలోపాస్కల్స్. 540 మీటర్ల ఎత్తున్న హైదరాబాద్‌లో అది 95 చిల్లర. చాలా ఈసీయూలు బూస్ట్‌ను మొత్తం పీడనంగా లెక్కేస్తాయి. ఫైల్ 2.2 బార్ అడిగితే వైజాగ్‌లో టర్బో గాలిని 2.17 రెట్లు నొక్కితే చాలు, హైదరాబాద్‌లో 2.3 రెట్లు నొక్కాలి. అంటే టర్బో ఇంకా వేగంగా తిరగాలి, గాలి ఇంకా వేడెక్కుతుంది. సముద్రమట్టం దగ్గర టర్బోను చివరి అంచు దాకా వాడుకుని ఫైల్ రాసినవాడు దక్కన్ పీఠభూమిని మరిచిపోయినట్టే. ఏ ఊళ్లో తిరుగుతారో, ఘాట్ రోడ్లు ఎక్కుతారో లేదో ట్యూనర్‌కు ముందే చెప్పండి.

నాక్ అంటే ఏమిటో మనసులో బొమ్మ కట్టుకోకపోతే లాగ్‌లో అంకెలు అంకెలుగానే మిగిలిపోతాయి. స్పార్క్ పడ్డాక మంట సిలిండర్ మధ్య నుంచి అంచులకు పాకాలి. పాకే మంట తన ముందున్న మండని గాలిని నొక్కుతుంది, వేడెక్కిస్తుంది. ఆ వేడి హద్దు దాటితే మంట చేరకముందే మూలనున్న మిశ్రమం తనంతట తాను ఒక్కసారిగా అంటుకుంటుంది. సీసాలో గోళీలు వేసి ఆడించినట్టు చప్పుడు వస్తుంది. చెవికి వినపడేసరికే ఆలస్యం అయినట్టు. ఇంజన్ బ్లాక్‌కు బిగించిన నాక్ సెన్సర్ అంతకన్నా చిన్న కంపనాన్నే పట్టుకుంటుంది, దాన్ని బట్టి ఈసీయూ ఆ సిలిండర్‌లో స్పార్క్‌ను కొన్ని డిగ్రీలు వెనక్కి జరుపుతుంది. అప్పుడప్పుడు కొద్దిగా జరపడం ఆరోగ్యవంతమైన ఇంజన్ లక్షణమే. ఎప్పుడూ ఎక్కువ జరుపుతోందంటే ఫైల్ అడిగిన టైమింగ్‌ను ఇంజన్ ఒప్పుకోవడం లేదన్నమాట.

పాత బీఎస్-6 మామూలు పెట్రోల్ ఆక్టేన్ 91. యూరప్‌లో 95, 98 సర్వసాధారణం. అక్కడివాళ్లు 98 కోసం రాసిన ఫైల్‌ను ఇక్కడ 91 మీద నడిపిన కార్లు చాలా కాలం సెన్సర్ దయ మీదే బతికాయి. ఇండియన్ ఆయిల్ ఎక్స్‌పీ95, 2020 డిసెంబర్‌లో వచ్చిన ఎక్స్‌పీ100, హెచ్‌పీ పవర్99 ఉన్నాయి కానీ ప్రతి బంకులో ఉండవు. ఖరీదైన పెట్రోల్ మీదే బతికే ఫైల్ రాయించుకుంటే శ్రీశైలం దారిలో ట్యాంక్ ఖాళీ అయినప్పుడు ఏం చేస్తారో ముందే ఆలోచించండి. నా సలహా: మామూలుగా తిరిగేది ఏ పెట్రోలైతే దాని మీదే ట్యూన్ చేయించండి. మంచి పెట్రోల్‌కు విడిగా రెండో ఫైల్ ఉంటే ఇంకా మంచిది.

ఇక అసలు పని, లాగ్ చదవడం. ఫోక్స్‌వ్యాగన్ కుటుంబపు కార్లకు వీసీడీఎస్ లాంటి టూల్స్ ఉన్నాయి, మిగతా కంపెనీలకూ తగినవి దొరుకుతాయి. పుల్, అంటే ఒకే గేర్‌లో ఫుల్ థ్రాటిల్ పరుగు, డైనో మీదే తీయండి. ట్రాక్ డే దొరికితే కోయంబత్తూరు కరి మోటార్ స్పీడ్‌వే లాంటి చోట తీయండి. ఔటర్ రింగ్ రోడ్డు దీనికి చోటు కాదు. ఒక కన్ను ల్యాప్‌టాప్ మీద, ఒక కన్ను రోడ్డు మీద పెట్టి ఇతరుల ప్రాణాలతో చెలగాటమాడే హక్కు ఎవరికీ లేదు. లాగ్‌లో ఇరవై చానళ్లు పెట్టకండి. డయాగ్నస్టిక్ పోర్ట్ ద్వారా తీసే లాగ్‌లో చానళ్లు పెరిగేకొద్దీ సెకనుకు దొరికే రీడింగులు తగ్గిపోతాయి, నాక్ జరిగిన క్షణం రెండు రీడింగుల మధ్య జారిపోతుంది. ఆరేడు చాలు.

మూడో గేర్‌లో 2000 నుంచి 6000 ఆర్‌పీఎం దాకా ఫుల్ థ్రాటిల్ పుల్ ఒకటి మీ ముందుందనుకోండి. మొదట అడిగిన బూస్ట్, వచ్చిన బూస్ట్ రెండు గీతలనూ ఒకదాని మీద ఒకటి పెట్టండి. 3000 దగ్గర వచ్చిన బూస్ట్ అడిగినదాన్ని 0.2 బార్ దాటి, ఆనక కిందికి దిగిందా? డౌన్‌పైప్ మార్చిన కార్లలో ఇది మామూలుగా కనిపిస్తుంది. పొగకు దారి సులువైంది కాబట్టి టర్బో త్వరగా లేస్తుంది, పాత వేస్ట్‌గేట్ అంకెలు దాన్ని పట్టుకోలేవు. టార్క్ అత్యధికంగా ఉండే చోటే ఈ పొంగు వస్తుంది కాబట్టి క్లచ్చూ పిస్టన్లూ దెబ్బ తినేదీ అక్కడే. అలా కాకుండా వచ్చిన బూస్ట్ పుల్ అంతా తక్కువగానే ఉండి, వేస్ట్‌గేట్ డ్యూటీ మాత్రం 90 శాతం పైన ఉంటే గాలి ఎక్కడో పోతోంది. అప్పుడు ట్యూనర్ అంకెలు పెంచబోతే ఆపండి. పైపులు చూడమనండి.

తర్వాత సిలిండర్ల వారీగా టైమింగ్ ఎంత వెనక్కి జరిగిందో చూడండి. కొన్ని టూల్స్ దీన్ని మైనస్‌గా, కొన్ని ప్లస్‌గా చూపిస్తాయి, అది ముందే తెలుసుకోండి. నాలుగు సిలిండర్లలోనూ అక్కడక్కడ ఒకటి రెండు డిగ్రీలు జరిగితే భయపడనక్కర్లేదు. నాలుగూ కలిసి 3500 నుంచి పైదాకా ఐదేసి డిగ్రీలు జరుపుతుంటే పెట్రోల్ చాలడం లేదో, వేడి ఎక్కువైందో, ఫైల్ అత్యాశకు పోయిందో. ఒక్క మూడో సిలిండరే ప్రతి పుల్‌లో అదే ఆర్‌పీఎం దగ్గర నాలుగైదు డిగ్రీలు వెనక్కి పోతుంటే మ్యాప్‌ను తప్పు పట్టకండి. ఆ సిలిండర్ ప్లగ్గో, కాయిలో, ఇంజెక్టరో, పేరుకున్న మసో కారణం అయి ఉంటుంది. సంతకం చేసినట్టు ఒకే చోట కనిపించే లోపాన్ని ఫైల్‌తో కప్పిపుచ్చడం కన్నా పెద్ద తప్పు ఈ పనిలో లేదు.

థ్రాటిల్ యాంగిల్ చానల్‌ను చాలామంది చూడరు. మీ కాలు పూర్తిగా తొక్కే ఉన్నా 4000 దగ్గర థ్రాటిల్ మూసుకుంటే ఈసీయూ తన లెక్క ప్రకారం టార్క్ ఎక్కువైందని అడ్డుపడుతున్నట్టు. కొత్త ఈసీయూలన్నీ టార్క్ లెక్క మీదే నడుస్తాయి. ఒక టేబుల్‌లో బూస్ట్ పెంచి, మిగతా టార్క్ టేబుల్స్‌ను అలాగే వదిలేసిన సగం పని ఇలా బయటపడుతుంది. ఇన్‌టేక్ గాలి వేడి పుల్ మొదట్లో ఎంత, చివర్లో ఎంత అన్నది కూడా రాసుకోండి. ఒకటే పుల్ చూసి సంబరపడకుండా వరసగా మూడు తీయించండి. డైనో షీట్ మీద మొదటి పుల్ అంకె వేస్తారు. నేను నమ్మేది మూడోదాన్ని.

ఇంధనం వైపు వస్తే ఈ20ని మరిచిపోకూడదు. 2023లో మొదలై 2025 నాటికి దేశమంతా పరుచుకున్న ఈ పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్. శుద్ధ పెట్రోల్ పూర్తిగా మండడానికి ఒక కిలోకు 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 చాలు, ఈ20కి దాదాపు 13.5. అంటే అదే గాలికి ఎక్కువ ఇంధనం పోయాలి, లీటర్లలో సుమారు ఏడెనిమిది శాతం. నాక్ విషయంలో ఇథనాల్ మేలే చేస్తుంది, కానీ పాత పంపుకూ ఇంజెక్టర్లకూ మిగిలిన ఖాళీని తినేస్తుంది. అందుకే గేజ్ మీద 11.8, 12.2 అని మాట్లాడేవాళ్లను ల్యాంబ్డాలో మాట్లాడమనండి. ఏ ఇంధనానికైనా పూర్తిగా మండే చోటు ల్యాంబ్డా 1. ఫుల్ లోడ్‌లో టర్బో పెట్రోల్ ఇంజన్లు ఎక్కువగా 0.80, 0.85 చుట్టుపక్కల నడుస్తాయి. దీన్ని కొలవడానికి వైడ్‌బ్యాండ్ సెన్సర్ కావాలి. పాతకాలపు న్యారోబ్యాండ్ సెన్సర్ 1కి అటూ ఇటూ మాత్రమే నిజం చెబుతుంది.

ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్‌లోకి చిమ్మే ఇంజెక్టర్లకు ఒక సులువైన లెక్క ఉంది. 6000 ఆర్‌పీఎం దగ్గర రెండు చుట్లకు పట్టే సమయం 20 మిల్లీసెకన్లు. ఇంజెక్టర్ అందులో 17 మిల్లీసెకన్లు తెరిచే ఉంటే 85 శాతం డ్యూటీ. అంతకు మించితే ఇంజెక్టర్లు పెద్దవి వేయాలి. వేశాక వాటి ప్రవాహం ఒక్కటే కాకుండా, బ్యాటరీ వోల్టేజ్‌ను బట్టి తెరుచుకోవడానికి పట్టే ఆలస్యం కూడా ఈసీయూకు చెప్పాలి. అది తప్పితే హెడ్‌లైట్లు వేసినప్పుడల్లా ఐడ్లింగ్ ఊగుతుంది. నేరుగా సిలిండర్లోకి చిమ్మే ఇంజన్లకు ఈ లెక్క పనికిరాదు. అక్కడ రైల్ ప్రెషర్ అడిగినంత నిలుస్తోందా, పైకి పోయేకొద్దీ జారుతోందా అన్నది చూడాలి. ఎయిర్‌ఫ్లో సెన్సర్ మీద ఆధారపడే కార్లకు మార్కెట్ ఇన్‌టేక్ వేసేవాళ్లు ఇంకో సంగతి గుర్తుపెట్టుకోవాలి. సెన్సర్ కూర్చునే పైపు 70 మిల్లీమీటర్ల నుంచి 76కి పెరిగితే ఆ చోటి వైశాల్యం 18 శాతం పెరిగినట్టు. సెన్సర్ అంత గాలినీ తక్కువ చేసి చెబుతుంది, ఇంజన్ పలచటి మిశ్రమంతో నడుస్తుంది. ఆ కారుకు కొత్త ఫైల్ లేకుండా ఆ పైపు వేయకూడదు.

పని వరస ఇలా ఉండాలి. ముందు సెన్సర్లు, ఇంజెక్టర్ల వివరాలు సరిచేయాలి. తర్వాత ఐడిల్, మామూలు క్రూజింగ్. ఆ పైన తక్కువ బూస్ట్‌లో, టైమింగ్ కావాలనే తగ్గించి, మిశ్రమం కాస్త చిక్కగా పెట్టి ఫుల్ లోడ్. అక్కడ నుంచి బూస్ట్ మెల్లగా పెంచుకుంటూ పోవాలి. టైమింగ్ చిట్టచివర. ఒక డిగ్రీ పెంచితే టార్క్ పెరగకపోతే ఆ డిగ్రీ వెనక్కి తీసేయాలి, దాని వల్ల వచ్చేది వేడే. ఒక్కసారికి ఒక్కటే మార్పు. గంటలో రెండు పనులు చేసేస్తే ఏది మేలు చేసిందో, ఏది కీడు చేసిందో ఎవరూ చెప్పలేరు.

సూపర్‌చార్జర్ కార్లు మన రోడ్ల మీద తక్కువే. వెనక కొంప్రెసర్ అని రాసి ఉండే పాత మెర్సిడెస్ సీ-క్లాస్ కొన్ని ఇంకా తిరుగుతున్నాయి. అక్కడ బ్లోయర్ బెల్టుతో క్రాంక్‌కు కట్టేసి ఉంటుంది కాబట్టి ఫైల్‌తో బూస్ట్ పెంచలేరు, పుల్లీ చిన్నది చేయాలి. టర్బోలో కష్టమంతా మధ్య ఆర్‌పీఎంలో ఉంటే ఇక్కడ రెడ్‌లైన్ దగ్గర ఉంటుంది. ఇంధనం చాలకపోవడం, గాలి కాగిపోవడం, బెల్టు జారడం అన్నీ అక్కడే. లాగ్‌లో 5000 తర్వాత బూస్ట్ తగ్గితే ముందు బెల్టు చూడండి.

చిన్న టర్బో డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లకు ఒక హెచ్చరిక. రీమ్యాప్ చేయించాక ఐదో గేర్‌లో 1500 దగ్గర ఫుల్ థ్రాటిల్ తొక్కకండి. తక్కువ వేగంలో ఎక్కువ బూస్ట్ పడితే స్పార్క్ కన్నా ముందే సిలిండర్‌లో మిశ్రమం అంటుకునే గుణం ఈ ఇంజన్లకు ఉంది. పిస్టన్ ఒక్క దెబ్బకే విరగొచ్చు. 2020లో వచ్చిన ఏపీఐ ఎస్‌పీ గ్రేడ్ ఆయిల్‌కు దీన్ని తట్టుకునే పరీక్ష కూడా ఉంది. డబ్బా మీద ఆ రెండు అక్షరాలు చూసి కొనండి. గేర్ తగ్గించి తొక్కడం అంతకన్నా మంచి మందు.

ఫ్లాష్ చేసే రోజు బ్యాటరీకి పవర్ సప్లై తగిలించాలి. రాసే మధ్యలో వోల్టేజ్ పడిపోతే ఈసీయూ మొద్దుబారిపోతుంది. షోరూమ్‌కు సర్వీసుకు ఇస్తే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో మీ ఫైల్ చెరిగిపోవచ్చు, ఫైల్ మారిన సంగతీ దొరుకుతుంది, వారంటీ పోతుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ వివరాలు కంపెనీ ఇచ్చిన అసలు వివరాలకు తేడా పడేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. కాబట్టి పెద్ద మార్పులు ట్రాక్ కారుకే ఉంచుకోండి. కన్వర్టర్ పీకేయడం, డీజిల్ కార్ల డీపీఎఫ్ తీసేయడం నేను ఏ కారుకూ ఒప్పుకోను. మీ వెనక బైక్ మీద పిల్లల్ని కూర్చోబెట్టుకుని వచ్చేవాళ్లు ఆ పొగ పీలుస్తారు.

ఫైల్ స్వయంగా రాయడం నేర్చుకోవాలని ఉన్న కుర్రాళ్లకు చివరగా ఒక మాట. ఇంట్లో వాడే కారు మీద మొదలుపెట్టకండి. పాత పోర్ట్ ఇంజెక్షన్ ఇంజన్ ఒకటి, 2001లో బ్రూస్ బౌలింగ్, ఆల్ గ్రిప్పో ఇళ్లలో కూర్చుని కట్టుకునేలా బయటికి తెచ్చిన మెగాస్క్విర్ట్ లాంటి ఈసీయూ ఒకటి తీసుకోండి. మొదటి నెలంతా ఐడిల్ మీద, స్టార్టింగ్ మీద పెట్టండి. ఫుల్ థ్రాటిల్ టేబుల్ ఒక మధ్యాహ్నంలో డైనో మీద తేలిపోతుంది. కోల్డ్ స్టార్ట్ అలా తేలదు, ఎందుకంటే పూర్తిగా చల్లబడిన ఇంజన్ రోజుకు ఒక్కసారే దొరుకుతుంది. ఆ ఒక్క స్టార్ట్‌లో ఎంత ఇంధనం ఇచ్చారో, ఎన్ని సెకన్లకు అందుకుందో, ల్యాంబ్డా ఎటు పోయిందో రాసుకుని, ఒక్క గడి మార్చి మర్నాటి ఉదయం దాకా ఆగాలి. హైదరాబాద్‌లో మే నెలలో మొదలుపెడితే 30 డిగ్రీల గడి ముందు నిండుతుంది. 15 డిగ్రీల గడి కోసం డిసెంబర్ రావాలి.